పిట్టగోడ ఆజ్ఞ

ధ్యానభాగము: ద్వితీయోపదేశకాండము 22:8



మోషే ధర్మశాస్త్రములో ఒక చిన్న ఆజ్ఞ గలదు. మనలో అనేకులము దానిని చదివియు ఆగక దాటిపోయి యుందుము. క్రొత్తగా ఇల్లు కట్టించువాడు మిద్దెచుట్టు పిట్టగోడ పెట్టవలెననియు, పెట్టనందున ఎవరైనను పడి చనిపోయినయెడల ఆ రక్తాపరాధము ఆ యింటిమీదనే యుండుననియు దాని భావము.

పాలస్తీనా దేశములో ఇండ్లకు చదునైన మిద్దెలుండెడివి. రాహాబు తన మిద్దెమీద జనుపకట్టె పరచియుంచెను. పేతురు మిద్దెయెక్కి ప్రార్థన చేసెను. జనులు పని చేసికొనుటయు, చల్లగాలికి కూర్చుండుటయు అక్కడనే. గనుక దేవుడు, ఎవడును పడకముందే పిట్టగోడ కట్టుమనెను. పడినవానిని నీవు త్రోసితివా అని ఆయన అడుగలేదు. ఆపగలిగియు ఆపకపోతివేమి అనియే అడిగెను.

సముద్రతీరమున నివసించు మనము మిద్దెమీదనుండి పడుట అరుదు. మన కప్పులే మనమీద పడుచున్నవి. అట్లయిన మన పిట్టగోడ యేది?

ఈ మాట వ్రాయుచున్న మేమును నిర్దోషులము కాము. కొన్ని యేండ్లక్రిందట మా మందిరమునకు క్రొత్త రేకులు వేయించితిమి. తాపీమేస్త్రి మాతో, “అయ్యగారూ, దూలాలను గోడలో కమ్మీలకు బిగించకపోతే గాలికి ఆగవండి. రేకులకు కొక్కేలు కూడా దగ్గరదగ్గరగా వేయించండి” అనెను. ఆ ఖర్చు మాకు దండుగగా తోచెను. “దేవుని మందిరమును దేవుడే కాచుకొనును” అని భక్తిగా పలికి, ఆ సొమ్ముతో వాకిట రంగుల ఆర్చి కట్టించితిమి.

తరువాత వచ్చిన గాలివానలో ఆర్చి నిలిచెను, కప్పు లేచిపోయెను. ఒక రేకు ప్రక్కనున్న పూరియింటిమీద పడగా ఒక ముసలమ్మ భుజము విరిగెను. ఆమె మన సంఘస్థురాలు కాదు. మేము చూడబోయినప్పుడు ఆమె కోపపడలేదు. “దేవుడి గుడి గదా, గట్టిగా కట్టుంటారనుకున్నానయ్యా. అందుకే ఆ రాత్రి మీ గోడవైపు జరిగి పడుకున్నా” అని మాత్రమే అనెను. ఆ దినమున పిట్టగోడ ఆజ్ఞ మాకు అర్థమాయెను. మన విశ్వాసమును మనము పాటలలో చెప్పుకొందుము గాని, మన పొరుగువారు దానిని మన గోడలలో నమ్ముకొనుచున్నారు.

కొందరు ఇట్లనవచ్చును: “తుపాను దేవుని చిత్తము, చావు రావలసియుంటే వచ్చును.” ఇంకను కొందరు, నశించినవారి పాపమును లెక్కింప మొదలుపెట్టుదురు. సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చనిపోయిన సంగతి లూకా 13వ అధ్యాయములో చదువుచున్నాము. వారు యెరూషలేములోని తక్కినవారికంటె అపరాధులు కారని మన ప్రభువు స్పష్టముగా సెలవిచ్చి, ఆ వార్త చెప్పుకొనుచున్న మనవైపే తిరిగి, మారుమనస్సు పొందుడనెను. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచిన ఉప్పెనలో ఇంచుమించు 10,000 మంది నశించిరి. అల తాటిచెట్టంత యెత్తున వచ్చెనని బ్రదికినవారు చెప్పుకొనిరి. ఆ తల్లులు, ఆ పసిబిడ్డలు మనకంటె పాపులా? కారు. వారికి ఎక్కి నిలువదగిన చోటు లేకపోయెను.

నోవహును చూడుడి. అప్పటికి కన్నులకు కనబడని జలప్రళయమునుగూర్చి హెచ్చరిక పొందినవాడై, అతడు దేవుని నమ్మెను గనుకనే ఓడ కట్టెను. లోపలను వెలుపలను కీలు పూసెను. నమ్మకము అతని చేతికి పని చెప్పెనే గాని చేతులు ముడుచుకొననియ్యలేదు.

దివిసీమ దుఃఖము తరువాత మన తీరములో ప్రభుత్వమువారును, సేవాసంఘములవారును తుపాను ఆశ్రయభవనములు అనేకము కట్టించిరి. 1990వ సంవత్సరము మే నెలలో అంతటి గాలివానయే మరల కృష్ణా ముఖద్వారమున తీరము దాటెను. ఈసారి ముందుగా హెచ్చరిక అందెను, లక్షలాది జనులను తరలించిరి, ఎక్కుటకు కట్టడములుండెను. చనిపోయినవారు 1,000 మందికి లోపే. ఆ మరణములును మనకు దుఃఖమే. అయినను బ్రదికి తమ యిండ్లకు మరలినవారిని తలంచినప్పుడు, పిట్టగోడ ఎందుకో మనకు తెలియుచున్నది.

ఇక మన చేతిలోనున్న పని యేమి?

మొదటిది, కట్టుట. పెనుగాలి కప్పును క్రిందికి నొక్కునని తలంచుచున్నాము. అది నిజముగా పైకి లాగును. తలుపు విరిగి లోపలికి చొచ్చినప్పుడు క్రిందినుండియు ఎత్తును. బరువొక్కటియే చాలదు. రేకు వాసమునకు, వాసము దూలమునకు, దూలము గోడకు, గోడ పునాదికి బిగియుండవలెను. నడుమ ఒక్క కట్టు వదలినను తక్కినవన్నియు వ్యర్థమే. చూరులను, మూలలను గాలి మరి గట్టిగా పట్టును. అక్కడ కొక్కెములు దగ్గరగా ఉండవలెను. రెండు వాలుల కప్పుకంటె నాలుగు వాలుల కప్పు గాలికి మేలుగా ఆగును. కిటికీలు గోడమూలలకు చేరువగా పెట్టరాదు. ద్వారబంధములపైని ఇంటిచుట్టు తెగకుండ కమ్మీలతో కాంక్రీటు పట్టీ వేయించినయెడల గోడలన్నియు ఒక్కటిగా నిలుచును. ఉప్పునీటితోను సముద్రపు ఇసుకతోను కాంక్రీటు కలుపకుడి. లోపలి ఇనుము తుప్పుపట్టి, కట్టడము కంటికి బాగుగానే యుండి లోపల చచ్చును. పూరియింటివారు నిట్టాడులను లోతుగా పాతి, కప్పుమీద వలవలె మోకులు లాగి బిగింపవలెను.

రెండవది, విడిచిపెట్టుట. బండమీద కట్టిన ఇల్లును ప్రభువు మెచ్చుకొనెను. అయితే పల్లపునేలను ఉప్పెన వచ్చునని తెలిసినప్పుడు ఎంత గట్టి యిల్లైనను మన బండ కాదు. స్తంభములమీద ఎత్తుగా కట్టిన ఆశ్రయభవనము క్రిందుగా నీరు దాటిపోవును; ఆ నీటినే ఎదిరించిన గోడ కూలును. గేదెలను విప్పి, ముసలివారిని, గర్భిణీలను వెంటబెట్టుకొని వేళకు బయలుదేరుడి. సామానుకొరకు వెనుకకు తిరుగకుడి. లోతు భార్యను జ్ఞాపకము చేసికొనుడి.

మూడవది, కాచుట. తుపానులు విశేషముగా ఏప్రిల్ మే నెలలలోను, అక్టోబరు మొదలు డిసెంబరు వరకును వచ్చును. ఆ ఋతువులకు ముందొక శనివారము సంఘపు యౌవనులు మందిరముమీది కొక్కెములను చూచి బిగింపవలెను. తరువాత పేటలోని విధవరాండ్ర యిండ్లకును పోవలెను. తీరమునగల సరుగుడు తోటలను, మడ అడవులను వంటచెరకుకొరకు నరుకనియ్యకుడి; అవి అల వేగమును తగ్గించును. ఆశ్రయభవనపు తాళపుచెవి యెవరియొద్ద నున్నదో ప్రతి యింటివారికిని తెలియవలెను. గాలివాన రాత్రి తాళపుచెవికొరకు వెదకు ఊరు, భవనము లేని ఊరితో సమానము.

సంఘపెద్దలారా, ఈ యేడు కోతపండుగ కానుకలు లెక్కించునప్పుడు ఆ ముసలమ్మ మాటను తలంచుడి. మేమును మా కప్పును విప్పించి, ఈసారి గోడలోని కమ్మీలకు బిగించి కట్టించితిమి. ఆర్చికి రంగు వెలిసిపోయినది, దానినట్లే ఉంచితిమి. పని ముగిసిన దినమున ఆమెను పిలువనంపగా, ఆమె బాగుపడిన చేతితో గోడను తట్టి చూచి, నవ్వి వెళ్లిపోయెను.

ప్రార్థన: మా నివాసస్థలమైన దేవా, మా పొదుపునకు భక్తియని పేరు పెట్టుకొనిన మా పాపమును క్షమించుము. గాలి రాకముందే మా చేతులకు పని నేర్పుము. మా గోడవైపు జరిగి పండుకొనువారెవరును మావలన గాయపడకుండ మమ్మును కాపాడుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.