లయ ఎవరిది?

నృత్యశాల తలుపులు అందరికీ తెరిచినంత మాత్రాన సమానత్వం వచ్చినట్టేనా? ఈ ప్రశ్న నన్ను కొంతకాలంగా వదలడం లేదు.

ఇవాళ పాశ్చాత్య నగరాల్లో గ్లోబల్ బేస్ పేరుతో రాత్రి నృత్యాలు జరుగుతున్నాయి. జమైకా డాన్స్‌హాల్, ప్యూర్టోరికో రెగేటన్, బ్రెజిల్ ఫంక్, అంగోలా కుడూరో - పేదల పేటల్లో పెరిగిన యీ సంగీతాలన్నిటినీ డీజే గుండెలదిరే మంద్రధ్వని మీద కలిపి వాయిస్తాడు. నల్లవారు, తెల్లవారు, వలస వచ్చినవారు, స్వలింగ ప్రేమికులు ఎవరైనా రావచ్చు. ఎవరూ ఎవరినీ వెలివెయ్యకూడదన్నది నియమం. దీన్ని బూర్జువా విలాసమని కొట్టిపారేసే మిత్రులతో నేను ఏకీభవించను. 2009లో వాషింగ్టన్ ప్రాంతంలో, బడి ఎగ్గొట్టి పార్టీ చేసుకుంటున్న లాటిన్ అమెరికన్ కుటుంబాల కుర్రకారు కోసం డేవ్ నాడా అనే డీజే ఒక డచ్చి రికార్డు వేగం తగ్గించాడు. నిమిషానికి 108 దెబ్బలకు దించి, వాళ్ళకు అలవాటైన రెగేటన్ నడకకు సరిపెట్టాడు. దాన్నుంచి మూంబాటన్ అనే కొత్త రీతే పుట్టింది. ఆడేవాళ్ళ పాదాలు చూసి వాయించేవాడు చెయ్యి మార్చుకున్నాడు. దీన్ని కళ కాదనడం మూర్ఖత్వం.

అయితే ఆ నడక ఎక్కడిది? 1989లో జమైకాలో స్టీలీ, క్లీవీ అనే యిద్దరు వాద్యకారులు 'ఫిష్ మార్కెట్' అనే వాద్యఖండం రికార్డు చేశారు. మరుసటి ఏడు ఆ లయ మీద షాబా ర్యాంక్స్ 'డెమ్ బో' పాడాడు. పరాయి పెత్తనానికి తలవంచేవాళ్ళనూ స్వలింగ ప్రేమికులనూ ఆ పాట ఒకే నోటితో దూషిస్తుంది. లయ అక్కణ్ణుంచి పనామాకు, న్యూయార్కుకు, ప్యూర్టోరికోకు పాకింది. 1995లో సాన్ హువాన్ దుకాణాల మీద పోలీసులు దాడిచేసి ఆ తరహా క్యాసెట్లు పట్టుకుపోయారు కూడా. ఆ పాట ఏ జనాన్ని దూషించిందో ఆ జనమే యివాళ ఆ దరువుకు నిర్భయంగా ఆడుతున్నారు. మాట ఓడింది, దరువు మిగిలింది. ఇంత చక్కని ప్రతీకారం చరిత్రలో అరుదు.

నా చిక్కంతా యిక్కడే. లయ అందరిదీ అయింది కనుకనే కంపెనీలు దాన్ని వూరికే తీసుకుని సరుకు చేసి అమ్ముకున్నాయి. 2021లో క్లీవీ, స్టీలీ వారసులు కాలిఫోర్నియాలో దావా వేశారు. రానురాను ప్రతివాదులు వంద దాటారు. ఇది ఎవరి ఆస్తి అనే ఆస్తి చట్టం అడుగుతుంది. ఎవరి శ్రమ అని అడగడం దానికి చేతకాదు. వాళ్ళు గెలిస్తే, పాత కంప్యూటర్ ముందు కూచుని దరువు కట్టే పేదకుర్రాడూ కప్పం కట్టవలసి రావచ్చు. ఓడితే కంపెనీల లాభానికి చట్టం ముద్ర పడుతుంది. పైగా ఆ యిద్దరి దరువు వెనక, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా జనం కరీబియన్ దీవుల్లో నిలుపుకున్న డోలు సంప్రదాయం వుంది. వాళ్ళ వాటా ఏ కోర్టు లెక్కగడుతుంది?

దేవుడి వూరేగింపుకు డప్పు కావాలి, డప్పు పట్టిన మాదిగను మాత్రం గుడి గడప తొక్కనివ్వరు. ఆ ఏర్పాటు ఎరిగిన తెలుగువారికి యీ వ్యవహారం అర్థం కాకపోదు.

డీజే కూడా కూలివాడే కదా అంటారు. నిజమే. ఒక రాత్రి కూలికి వాయించే మనిషి నెత్తిన రెండు ఖండాల బాకీ నేను మోపను. వాయించిన దరువు ఎవరిదో చెబితే చాలు. కాని గుమ్మం దగ్గర టిక్కెట్టు అమ్మే నిర్వాహకుణ్ణీ, రికార్డు కంపెనీనీ వాటా అడగడానికి నాకే మొహమాటమూ లేదు. స్టీలీకి యిక ఏం యిచ్చినా అందదు. డేవ్ నాడా రికార్డు వేగం తగ్గించిన ఆ 2009లోనే అతను చనిపోయాడు.