దించమంటే లేచే రెప్ప

ఏ పనికైనా ఐదు కారణాలుంటాయని గీత పద్దెనిమిదో అధ్యాయంలో కృష్ణుడు లెక్క చెబుతాడు: అధిష్ఠానం, కర్త, కరణం, చేష్ట, దైవం. రిటైరయ్యాక మా వీధి రామాలయంలో ఆదివారాలు గీత చెబుతున్నాను. ఈ చోటికి రాగానే వినేవాళ్లు మొదటి నాలుగూ దాటేసి ఐదోదాని మీద వాలతారు. దైవం మీదకి నెట్టేస్తే ఇక మాట్లాడుకోవాల్సిందేమీ మిగలదు మరి. నాకు మాత్రం ఇప్పుడు మూడోదానితోనే, అంటే పనిముట్టుతోనే పని.

స్కూటరు మీంచి పడి తలకు దెబ్బ తగిలినప్పుడు నా కుడికంటి రెప్ప పూర్తిగా వాలిపోయింది. మెదడు నుంచి వచ్చే మూడో కపాల నాడి దెబ్బతిందన్నారు. ఆ నాడిది పెద్ద సంసారం. కనుగుడ్డును తిప్పే ఆరు కండరాల్లో నాలుగు, రెప్పనెత్తే కండరం, కంటిపాపను ముడిచే కండరం, అన్నీ దాని కిందివే. కొన్ని నెలలకు రెప్ప లేచింది. ఇంట్లో పరమాన్నం వండారు. అసలు తమాషా ఆ తర్వాత మొదలైంది. పుస్తకంలోకి చూపు దించితే రెప్ప పైకి లేస్తోంది. ఎడమకు చూస్తే మరీ విప్పారుతోంది, ఎవరినో గుడ్లురిమి చూస్తున్నట్టు.

తెగిన నాడీతంతువులు రోజుకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్లీ పెరుగుతాయట. తమను కప్పి ఉండే పాత గొట్టంలోనే దూరతాయన్న హామీ లేదు. కంటిని కిందికీ ముక్కువైపుకీ తిప్పాల్సిన తంతువులు కొన్ని నాకు రెప్ప కండరంలోకి చేరాయి. షుగరు వల్ల ఇదే నాడి పడిపోయినవాళ్లకు మామూలుగా ఈ చిక్కు రాదని డాక్టరుగారు చెప్పారు. వాళ్లకు గొట్టాలు తెగవు కాబట్టి తంతువులు పాత దారి పడతాయి. దెబ్బ తగిలినప్పుడో, రక్తనాళం ఉబ్బి నొక్కినప్పుడో ఇలా అవుతుంది. మాది గోదావరి కాలువల కింది ఊరు కనుక నాకిది వెంటనే బోధపడింది. లాకుల దగ్గర లస్కరు నీళ్లు సరిగ్గానే వదిలాడు, మధ్యలో గండిపడి పక్కవాడి చేను మునిగింది.

ఇప్పుడు రెప్ప ఎత్తింది ఎవరు? ఆజ్ఞ నాదే, కానీ నేనిచ్చిన ఆజ్ఞ అది కాదు. పోనీ రోగమందామా అంటే, నాడి కోలుకోవడం వల్ల వచ్చిన వంకర ఇది. అది కోలుకోకపోతే రెప్ప వాలిపోయే ఉండేది, ఏ వింతా కనిపించేది కాదు.

మరి ఈ వంకరకు మందేమిటి? మనసు చంచలమని అర్జునుడు మొరపెట్టుకుంటే అభ్యాసం, వైరాగ్యం అని రెండు మందులు చెప్పాడు కృష్ణుడు. అభ్యాసం సంగతి అమెరికా శాస్త్రజ్ఞుడు రోజర్ స్పెరీ 1940లలో కప్పల మీద చూశాడు. ఆయనకు 1981లో నోబెల్ వచ్చింది. కప్ప కంటి నరం తెంచి, కనుగుడ్డును తలకిందులుగా తిప్పి పెట్టాడు. నరం మళ్లీ పెరిగింది, తంతువులు మెదడులో తమ తమ పాత చోట్లకే చేరుకున్నాయి. పాపం, ఆ కప్పకు లోకం తిరగబడింది. ఈగ పైనుంటే అది కిందికి ఎగబడేది. ఎన్నాళ్లైనా దిద్దుకోలేదు. నా నాడి దారి తప్పి పొరబడింది, కప్ప నాడి దారి తప్పకుండానే పొరబడింది. రెంటికీ అభ్యాసం పనికిరాలేదు. వైరాగ్యం కప్పకు ఎలాగూ రాదు, నాకు కొంచెం కష్టం.

చేతనే, అంటే సంకల్పమే కర్మ అన్నాడు బుద్ధుడు. ఆ లెక్కన నేను నిర్దోషిని. ఆ మాట నాకు హాయిగానే ఉంది కానీ సరిపోవడం లేదు. గుళ్లో ఆడవాళ్లు నాకు ఎడమవైపు కూర్చుంటారు. కొత్తగా వచ్చినావిడ ఎవరైనా నా కన్ను చూసి పమిట సర్దుకుంటే, ఆవిడకు అందింది నా సంకల్పం కాదు, నా రెప్ప. కర్త శుద్ధంగా ఉన్నాడు కదా అని కరణం చేసిన పనిని గాలికి వదిలేయకూడదని నా అభిప్రాయం. నేనొక్కడినే కర్తననుకునేవాడికి దృష్టి సరిగా లేదని గీత పద్దెనిమిదో అధ్యాయమే అంటుంది. ఆ మాటను తప్పించుకునే దారిగా వాడుకోవడం నాకు నచ్చదు.

అందుకని పీటను ఎడమ స్తంభం దగ్గరికి జరుపుకున్నాను. ఇప్పుడు జనమంతా నాకు కుడివైపే, అటు చూస్తే రెప్ప బుద్ధిగా ఉంటుంది. "తప్పు మీది కానప్పుడు మీరెందుకు జరగాలి మాస్టారూ?" అని ఒక కుర్రాడు అడిగాడు. చేను మునిగినవాడిని అడిగి రమ్మన్నాను. వాడు ఒప్పుకోలేదు. లస్కరుకి జీతం కోస్తే న్యాయమా అన్నాడు. వచ్చే ఆదివారం అక్కణ్నుంచే ఎత్తుకుంటాం.