కొబ్బరికాయ నిలిస్తే నీళ్ళు పడతాయా?

మనసు ముందు తీర్పు చెప్పేసి, తర్వాత దానికి తగిన సాక్ష్యాలు ఏరుకుంటుంది. కర్ణాటకలోని మంచేనహళ్ళి, చింతామణి, బాగేపల్లి పల్లెల్లో ఈ గుణం బోరు వేసేటప్పుడు బాగా బయటపడుతుంది. ఏడాది పొడవునా పారే ఏరు లేని సీమ ఇది. వెయ్యి అడుగులు దాటినా నీళ్ళు పడతాయన్న భరోసా ఉండదు. అప్పు తెచ్చిన రైతు ముందు నీళ్ళు చూసే మనిషిని పిలిపిస్తాడు. ఆయన అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చేనంతా తిరుగుతాడు. కాయ లేచి నిలబడిన చోటే పాయింటు. నీళ్ళు పడితే ఆ మాట ఏళ్ళ తరబడి ఊళ్ళో నిలుస్తుంది. పడకపోతే మన రాత ఇంతే అనుకుని బోరు మీద బండ పెట్టి మూసేస్తారు. ఎండిన బోర్ల లెక్క ఎవరూ రాయరు. దీన్ని రైతు అమాయకత్వం అనడం అన్యాయం. అంత ఆశ పెట్టుకున్న ఏ మనసైనా అలాగే చేస్తుంది.

ఫ్రాన్సిస్ బేకన్ 1620లో వెలువరించిన ‘నోవమ్ ఆర్గనమ్’లో ఈ దోషానికి ఒక పాత ఉదంతం చెప్పాడు. మొక్కుకుని ఓడ ప్రమాదం నుంచి బయటపడ్డవాళ్ళ చిత్రాలు గుడిలో చూపిస్తే, మొక్కుకున్నా మునిగిపోయినవాళ్ళ చిత్రాలు ఎక్కడున్నాయని ఒకాయన అడిగాడట.

ఈ ప్రశ్నకు న్యాయదర్శన పండితులైన నైయాయికులు అంతకు శతాబ్దాల ముందే శాస్త్రరూపం ఇచ్చారు. పొగ, నిప్పు కలిసి కనిపించినంత మాత్రాన చాలదు, పొగ ఉండి నిప్పు లేని చోటు లేదని కూడా తేలాలి. అలాంటి చోటు ఒక్కటి దొరికినా ఆ హేతువు సవ్యభిచారం, అంటే గురి తప్పే హేతువు. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహంలో హేత్వాభాసాల (హేతువుల్లా కనిపించే దోషాల) వరసలో మొదటిది ఇదే. కాయ నిలిచిన చోట ఒక్క బోరు ఎండినా ఆ హేతువు చెల్లదన్నమాట.

అయినా తర్కం చదివినవాడూ పొరబడతాడు. గౌతముడి న్యాయసూత్రాలు దోషాలను రాగం, ద్వేషం, మోహం అని మూడుగా విడదీసి, వాటికి మూలం మిథ్యాజ్ఞానమంటాయి. అది తొలగితేనే దుఃఖం తొలగుతుంది. నమ్మినదాని మీద రాగం, కాదన్నవాడి మీద ద్వేషం ఉన్నంతకాలం సాక్ష్యం సగమే లోపలికి వస్తుంది.

దీనికి మన శాస్త్రాలు పెట్టిన కట్టుబాటు పూర్వపక్షం. ఎదుటివాడి మాటను బలంగా నిలబెట్టాకే సిద్ధాంతం చెప్పాలి. మనస్తత్వవేత్త చార్ల్స్ లార్డ్, ఆయన సహచరులు అమెరికాలో చేసి 1984లో ప్రచురించిన ప్రయోగాల్లో, నిష్పక్షపాతంగా ఉండమని చెప్పినందువల్ల పెద్దగా ఫలితం రాలేదు. తాము చదివిన అధ్యయనమే వ్యతిరేక ఫలితం తేల్చి ఉంటే ఎలా తూచేవారో ఆలోచించమన్నప్పుడు పక్షపాతం తగ్గింది.

ఈ సీమలోనే గౌరిబిదనూరు తాలూకా హోసూరులో 1920లో పుట్టిన భౌతికశాస్త్రవేత్త హెచ్. నరసింహయ్య బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్‌చాన్సలర్‌గా ఉండగా, 1976లో అద్భుతాలను, మూఢనమ్మకాలను పరిశీలించేందుకు ఒక సంఘం వేశారు. ఆయన గాంధేయవాది, హాస్టల్ గదిలోనే జీవితం గడిపిన నిరాడంబరుడు. భక్తులు ఆయన్ని శత్రువుగా చూడనక్కర్లేదు. విశ్వాసానికి దొరికిన నిజాయతీ గల పూర్వపక్షం ఆయన.

రాగద్వేషాలను పలచబరచడానికి న్యాయసూత్రాల నాలుగో అధ్యాయం యమనియమాలను, యోగాన్ని విధించింది. యోగి కైవారం తాతయ్య నోట్లో గులకరాయి పెట్టుకుని, అది కలకండ అయ్యేదాకా గుహలో అష్టాక్షరి జపించాడని ఈ సీమ చెప్పుకునే కథ అలాంటి సాధన గురించే. కానీ సూత్రకారుడు గుహ దగ్గర ఆగలేదు. ఆ వెంటనే శిష్యుడితో, గురువుతో, సహాధ్యాయితో, శ్రేయోమార్గం వెతికే అసూయ లేనివాళ్ళతో కూర్చుని సంవాదం చేయమన్నాడు.