రంగు మీద తగువు

చోడవరం దాటి మాడుగుల వైపు వెళ్తుంటే పెద్దేరు ఒడ్డున వడ్డాది వస్తుంది. ఒకప్పుడు ఒడ్డాది అనేవారు, మత్స్యవంశపు రాజులు ఏలిన చోటు. నిన్నమొన్నటిదాకా విశాఖపట్నం జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. రంగులతో ఈ ఊరి పేరుకి ఏదో చుట్టరికం ఉన్నట్టుంది. చందమామ అట్టల మీద ఏళ్ళ తరబడి బొమ్మలు వేసిన వపా గారి ఇంటిపేరు వడ్డాదే. అయితే మన కథలోవి బొమ్మల రంగులు కావు, చీరల రంగులు. రాజులు పోయాక, డబ్బాల్లో రంగులు రాకముందు జరిగిందనుకోండి.

ఆ ఊళ్ళో ఇద్దరు అప్పచెల్లెళ్ళు ఉండేవారు. అప్పది పసిమి ఛాయ. చెల్లెలు నల్లపిల్ల. తండ్రి బెల్లం వ్యాపారి. ఒక ఏడాది బెల్లానికి మంచి ధర పలికితే పెద్దపండక్కి ఇద్దరికీ చెరో చీర నేయించాడు. అప్పకి వంకాయ రంగు, చెల్లికి మామిడాకు పచ్చ. చెల్లెలు ఎర్రచీర అడిగింది గానీ, నల్లపిల్లకి ఎరుపు నప్పదని ఇంట్లో ఆడవాళ్ళందరూ ఒక్క మాట మీద నిలబడ్డారు. ఆ పిల్ల మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

వంకాయ రంగు అప్పకి అతికినట్టు కుదిరింది. పెళ్ళిచూపులకి అదే కట్టుకుంది, అత్తవారు మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఆవిడ మనసులో అలా ఉండిపోయింది. ఆ తర్వాత ఏటా పండక్కి ఊళ్ళో రంగులు వేసే ఆయన చేత నూలుకి వంకాయ రంగు వేయించి, నేతకి ఇచ్చి, అదే రంగు చీర కట్టేది. ముప్పై ఏళ్ళలో ఇంట్లో కోడళ్ళు వచ్చారు, మనవలు పుట్టారు, తల సగం నెరిసింది. చీర రంగు మాత్రం మారలేదు.

చెల్లెలి సంగతి వేరు. ఆవిడ తల ఒక్కసారిగా పత్తిలా తెల్లబడింది. మనవడి బారసాల నాడు మామిడాకు పచ్చ చీర కట్టుకుంటే, ఇంకా ఈ వయసులో ఆ పచ్చ ఏమిటని పేరంటానికి వచ్చిన ఆడవాళ్ళు గుసగుసలాడారు. మర్నాడే ఆ చీర పెట్టె అడుక్కి పోయింది. అప్పట్నుంచి ముక్కుపొడి రంగు, బూడిద రంగు, మళ్ళీ ముక్కుపొడి రంగు.

ఒక పెళ్ళికి ఇద్దరూ కలిసి వెళ్ళారు. అప్పని చూసి ముగ్గురు జ్వరం తగిలిందా అని అడిగారు. చెల్లిని చూసి అదే ప్రశ్న నలుగురు అడిగారు. పుట్టి బుద్ధెరిగాక ఏ ఒక్క విషయంలోనూ ఏకాభిప్రాయం కుదరని ఆ ఇద్దరికీ ఇంటికి వచ్చే దారిలో ఒక విషయంలో కుదిరింది. తప్పంతా రంగులాయనదే. ముసలాడు నీలిమందు పొదుపు చేస్తున్నాడు, లేకపోతే ఎరుపునిచ్చే చిరివేళ్ళు తక్కువ ఉడకేస్తున్నాడు. రంగులో పస పోయింది, అందుకే తమ మొహాలు ఇలా ఉన్నాయి.

తగువు రామకోవెల అరుగు మీదికి వచ్చింది. పెద్దలు రంగులాయనకి కబురు పెట్టారు. ఆయన వస్తూ వస్తూ ఒక తాటాకు పెట్టె తెచ్చాడు. ఏ ఏడాది ఏ రంగు వేసినా దాంట్లోంచి ఒక చిన్న నూలు చిలప తీసి, ఎండ తగలకుండా ఆ పెట్టెలో దాచడం ఆయన అలవాటు. అప్ప పెళ్ళినాటి వంకాయ రంగు చిలపా, మొన్న పండగనాటి వంకాయ రంగు చిలపా పక్కపక్కన పెట్టాడు. పెద్దలు నీడలో చూశారు, ఎండలో చూశారు, తడిపి చూశారు. ఏది ఏ ఏటిదో ఒక్కరూ చెప్పలేకపోయారు. రంగులాయన తప్పు లేదని తీర్పు చెప్పి లేచిపోయారు.

ఇలాంటి తగువే ప్యారిస్‌లో ఒకటి నిజంగా జరిగింది. గోబెలిన్స్ అనే పెద్ద నేతశాలలో రంగుల విభాగానికి 1824లో షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్త అధికారిగా వచ్చాడు. మీ నల్లరంగులో పస లేదని, నీలం, ఊదా బట్టల మడతలకి నీడ చూపించడానికి వాడితే తేలిపోతోందని ఆయనకి ఫిర్యాదులు వచ్చాయి. ఆయన వేరేచోట్ల వేసిన నల్లనూలు తెప్పించి పక్కన పెట్టి చూస్తే తేడా ఏమీ లేదు. నలుపు నలుపుగానే ఉంది, పక్కనున్న నీలం దాన్ని అలా కనిపించేలా చేస్తోంది. ఆ ఒక్క ఫిర్యాదు వెంటపడి 1839లో ఏకంగా పెద్ద పుస్తకం అచ్చువేశాడు. ఒంటిఛాయ, జుట్టు రంగు పక్కన ఏ బట్ట ఎలా కనిపిస్తుందో కూడా అందులో రాశాడు. 102 ఏళ్ళు బతికాడు కాబట్టి, నెరిసిన తలకి ఏ కోటు నప్పుతుందో అద్దంలో చూసుకోవడానికి ఆయనకి కావలసినంత వ్యవధి దొరికే ఉంటుంది.

మన రంగులాయన ఆ పుస్తకం చదవలేదు. కానీ తీర్పు గెలిచి ఇంటికి వచ్చాక ఆయనకి నిద్ర పట్టలేదు. తన రంగు మారలేదు, నిజమే. మరి ఆ ఆడవాళ్ళు చెప్పింది కూడా అబద్ధంలా అనిపించలేదు. పెళ్ళిలో ఏడుగురు చూసి అడిగిన మాట ఊరికే పుట్టదు కదా.

రెండు రోజులు పోయాక అప్పచెల్లెళ్ళకి కబురు చేశాడు. పొద్దున్నే రమ్మన్నాడు, మొహానికి పసుపు రాసుకోవద్దన్నాడు, తలలో పూలు పెట్టుకోవద్దన్నాడు. అప్ప రానని భీష్మించింది, చెల్లెలు లాక్కొచ్చింది. ఎండ సూటిగా పడని అరుగు మీద ఇద్దర్నీ కూర్చోబెట్టి, కట్టుకున్న చీరలు కనపడకుండా మెడ దాకా కోరా గుడ్డ కప్పాడు. తన మనవరాల్ని, తొమ్మిదేళ్ళ పిల్లని, వీధి అవతల వేపచెట్టు కింద నిలబెట్టాడు. పిల్ల కళ్ళు మూసుకోవాలి. ఈయన ఒక చిలప తీసి ఇద్దరిలో ఒకరి మెడ చుట్టూ వేసి చప్పట్లు కొడతాడు. అప్పుడు కళ్ళు తెరిచి, ముందు ఏది కనబడిందో చెప్పాలి, మొహమా, నూలా. అంతే పరీక్ష.

అప్ప మెడలో వంకాయ రంగు వేశాడు. పిల్ల నూలు అంది. దగ్గరగా చూస్తే సంగతి తెలిసింది. గడ్డం కిందకి ఊదా నీడ పాకింది, కళ్ళ కింద నలుపు రెండింతలయింది, పెదవుల రంగు ఎటో పోయింది. నల్లటి జుట్టు, నల్లటి కనుబొమలు ఉన్న రోజుల్లో ఆ మొహం అంత ముదురు రంగుకి దీటుగా నిలబడింది. జుట్టు నెరిసి, కనుబొమలు పలచబడ్డాక చీర ఒక్కటే మిగిలింది, మొహం దాని వెనక్కి పోయింది. ముక్కుపొడి రంగు వేస్తే ఇంకా అన్యాయం. గంధం రంగు వేశాడు, పిల్ల కాసేపు ఆలోచించింది. ఆలోచించిందంటేనే అది కాదని ఆయన తీసేశాడు.

ఆ సాయంత్రం ఆయన కొత్త నూలు తీసి నీలి తొట్టి దగ్గర కూర్చున్నాడు. తొట్టిలోంచి పైకి తీసినప్పుడు నూలు ఆకుపచ్చగా ఉంటుంది, గాలి తగిలి చూస్తుండగానే నీలమవుతుంది. ఎన్నిసార్లు ముంచి ఆరబెడితే అంత ముదురు. వంకాయ రంగుకి నాలుగైదు మునకలు వేసేవాడు. ఈసారి ఒక్కటే వేశాడు. ఆరాక పటిక నీళ్ళు పట్టించి, చిరివేరు రసం పలచగా ఎక్కించాడు. వచ్చింది వంగపువ్వు రంగు. మర్నాడు అది అప్ప మెడలో వేసి చప్పట్లు కొట్టగానే పిల్ల మొహం వైపు వేలు చూపించింది.

చెల్లెలి దగ్గర అందరి లెక్కా తప్పింది. లేత రంగులు ఎన్ని వేసినా పిల్ల పెదవి విరిచింది. బూడిద రంగు వేస్తే మొహమూ నూలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి రెండూ కనపడలేదంది. పెట్టెలో మిగిలిపోయిన ఒక్క చిలప, చిరివేరుతో వేసిన నిండు ఎరుపు, ముసలాయన ఏదో పూర్తి చేద్దామని వేశాడు. పైన తెల్లటి తల, కింద ఎరుపు, మధ్యలో నిగనిగలాడే నల్లటి మొహం. పిల్ల కళ్ళు తెరిచి నవ్వేసింది. చెల్లెలు అద్దం అడిగి తెప్పించుకుని చాలాసేపు చూసుకుంది. ముప్పై ఏళ్ళ కిందట తండ్రిని అడిగిన చీర అది.

అప్పకి మాత్రం మనసు ఒప్పలేదు. వంగపువ్వు రంగు బాగుందని తెలుసు, కానీ పెళ్ళినాటి రంగు వదులుకోవడం ఎలా. రంగులాయన ఆవిడతో వాదించలేదు. నేతాయన దగ్గరికి వెళ్ళి ఆ చీరకి జానెడు వంకాయ రంగు అంచు వేయమన్నాడు. కుచ్చిళ్ళ కింద, మొహానికి దూరంగా, నడిచినప్పుడు పాదాల దగ్గర ఆవిడకి కనిపించేలా. రవికె మాత్రం వంగపువ్వు రంగే ఉండాలని షరతు పెట్టాడు. చీరలో ఏ చెంగు ఎటు పోయినా రవికె మెడని అంటిపెట్టుకుని ఉంటుంది కదా.

పండగనాడు ఇద్దరూ కోవెలకి వచ్చారు. తెల్లటి తలతో ఎర్రచీర కట్టిన చెల్లెల్ని చూసి ఊరు ముక్కున వేలేసుకుంది, తర్వాత వేలు తీసింది. జ్వరమా అని ఎవరూ అడగలేదు. భర్త పోయిన ఆడవాళ్ళకి ఆ రోజుల్లో ఏ రంగూ ఎంచుకునే దారి ఉండేది కాదు, వాళ్ళు దూరంగా నిలబడి చూశారు. ఈ కథలో నాకు మింగుడుపడనిది అదొక్కటే.

ఇక అక్కణ్ణుంచి రంగులాయనకి చేతినిండా పని. నెరిసిన తలకి వంగపువ్వు రంగట, తెల్లటి తలకి ఎరుపట అని చుట్టుపక్కల ఊళ్ళలో కూడా పాకింది. ఆయన ఎవరికీ అలా వేయనన్నాడు. వచ్చి అరుగు మీద కూర్చుంటేనే వేస్తానన్నాడు. మాట వినక వేరేచోట వేయించుకున్న షావుకారు భార్యకి ఎరుపు మొహమంతా మంటలా కొట్టి, ఆ చీర పనిమనిషి పాలయింది. పనిమనిషికి అది బ్రహ్మాండంగా నప్పింది.

ఏళ్ళు గడిచాయి. అప్ప తల కూడా పూర్తిగా తెల్లబడింది. ఒకరోజు వంగపువ్వు రంగు చీర కట్టుకుని అద్దంలో చూసుకుంటే మొహం వెలవెలబోయి కనిపించింది. ఈసారి ఆవిడ కోవెలకి పోలేదు, ఎవర్నీ తిట్టలేదు. మొహం కడుక్కుని, పసుపు రాసుకోకుండా తిన్నగా రంగులాయన అరుగు మీదికి వచ్చి కూర్చుంది. మనవరాలు అప్పటికి పెళ్ళీడుకొచ్చింది. ఆ పిల్లే చిలపలు వేసింది, ఆ పిల్లే చూసింది. ముసలాయన పక్కన కూర్చుని విన్నాడు. ఆకాశనీలం కంటే రెండు మునకలు ముదురు నీలం దగ్గర పరీక్ష ఆగింది.

వెళ్ళేముందు అప్పకి ఒక అనుమానం వచ్చింది. ఇన్నేళ్ళ అనుభవం ఉన్న మనిషి, తొట్టి దగ్గరికి కొడుకుని కూడా రానివ్వని మనిషి, మొదటినుంచీ చూసే పని చిన్నపిల్లకి ఎందుకు అప్పగించాడని అడిగింది. ముసలాయన దాచలేదు. ఒక ఏడాది నీలం ఎన్ని మునకలు వేసినా చాలనట్టే కనిపించిందట. ఇంకా, ఇంకా ముంచాడట. ఆరేసిన నూలు చూసి అప్పటికి అయిదేళ్ళ మనవరాలు తాతా ఇది నల్లగా ఉందేమని అడిగిందట. రెండు చిలపలు తీసి చూపిస్తే, ఆయనకి ఒకటేలా ఉన్న నీలమూ పచ్చా ఆ పిల్లకి వేరువేరుగా కనిపించాయట. వయసు పైబడితే కంటిలోపలి కటకం పసుపు తిరిగి నీలం సరిగ్గా లోపలికి రానివ్వదు. కంటి శుక్లం తీయించుకున్నవాళ్ళు నీలం మళ్ళీ కొత్తగా కనిపిస్తోందని ఇప్పుడు చెబుతుంటారు. ఆ కారణం ఆయనకి తెలీదు. మారింది తొట్టి కాదని మాత్రం ఆ రోజే తెలిసింది. అప్పట్నుంచి ప్రతి చిలపా ఆ పిల్ల చూసి సరే అన్నాకే నేతకి పంపాడు.

అప్ప వేళ్ళమీద లెక్క వేసుకుంది. అది తగువుకి నాలుగేళ్ళ ముందు మాట. అంటే ఆనాడు పెద్దలు ఎండలో, నీడలో చూసి తేడా లేదన్న చిలప ముసలాయన కన్ను తూచింది కాదు. ఆ సంగతి ఆనాడే రామకోవెల దగ్గర చెప్పి ఉంటే ఆయన తగువు ఓడిపోయేవాడు.

ఈ కథలో నీతి ఇది. మనకి నప్పిన రంగు బట్టలో ఒక్కచోటే ఉండదు, జుట్టూ ఒంటిఛాయా చూసే కన్నూ కలిస్తే వచ్చే లెక్క అది, అందులో ఏ ఒక్కటి మారినా లెక్క మళ్ళీ మొదటినుంచి వేసుకోవాలి. పెళ్ళినాటి రంగునే పట్టుకుని కూర్చున్న అప్పా, ఊరు చెప్పిన వయసు రంగులోకి దూరిన చెల్లెలూ ఇద్దరూ అద్దం చూడటం మానేసినవాళ్ళే. రంగులాయన మాత్రం తన కన్ను మారిందని ఒప్పుకుని ఇంకొకరి కన్ను అడిగి తీసుకున్నాడు, అందుకే ఆయన చేతి రంగు ముప్పై ఏళ్ళ తర్వాత కూడా మారలేదు.