పడవ పొడవెంత?

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో పుట్టి పెరిగిన మనకు పడవతో ఏం పని అని పాఠకులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నందికొండల చుట్టుపక్కల పుట్టే చిత్రావతి, పాపాఘ్ని, ఉత్తర దక్షిణ పినాకినులు మన పక్కనుంచే పోతాయి గాని, ఏడాదిలో చాలా నెలలు వాటిని ఇసుక మీద నడిచే దాటుతాం. పడవ అనేది మన పిల్లలకు వాన వచ్చిన నాటి కాగితపు ఆట. అయినా పడవ గురించే రాయబోతున్నాను. ఎందుకంటే బ్యాంకు ఉద్యోగంలో ఏళ్ల తరబడి నన్ను వదలకుండా పట్టుకున్న ఒక ధర్మసందేహం, పడవ పొడవు దగ్గరికి వచ్చేసరికి నాకు కొంత తేటపడింది.

పడవ గురించి తత్వవేత్తలు అడిగే పెద్ద ప్రశ్న ఒకటుంది. థీసియస్ అనే గ్రీకు వీరుడి ఓడలో పుచ్చిపోయిన పలకలు ఒక్కొక్కటే మారుస్తూ పోతే, చివరికి మిగిలేది పాత ఓడేనా, కొత్తదా అని. ప్లూటార్క్ కాలం నుంచి దాని మీద వాదిస్తూనే ఉన్నారు. నేను కామర్సు చదివినవాణ్ణి, అంత దూరం పోలేను. నా ప్రశ్న చిన్నది. ఆ ఓడ పొడవెంత?

టేపు పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా కొలిస్తే సరిపోదా అంటారా? సరిపోదు. విహారానికి వాడే చిన్న పడవల కొలతల కోసం అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్.ఓ. 8666 అనే ప్రమాణాన్నే రాసిపెట్టింది. దాని ప్రకారం ఒక్క పడవకే కనీసం మూడు పొడవులు. మొదటిది పడవ ఒంటి పొడవు. ముందుకు పొడుచుకొచ్చిన దూలం, ముక్కు దగ్గరి కమ్మీలు, చుక్కాని, వెనక తగిలించిన మోటారు, ఈతగాళ్లు ఎక్కిరావడానికి బిగించిన పలక, ఇవేవీ ఇందులోకి రావు. పరీక్ష ఏమిటంటే, ఒంటిని చెడగొట్టకుండా, దాని గట్టితనం తగ్గకుండా విప్పి పక్కన పెట్టగలిగిన దేన్నీ పొడవులో కలపకూడదు. రెండోది మామూలుగా బిగించి ఉంచే భాగాలను కూడా కలుపుకొని వచ్చే గరిష్ఠ పొడవు. మూడోది నీటిగీత పొడవు, అంటే పడవ నీళ్లలో నిలిచినప్పుడు నీళ్లు దాని ఒంటిని తాకే గీత ఎంత పొడవుందో అది.

ఈ మూడోది నాకు భలే నచ్చింది. ముక్కు ఏటవాలుగా ఉన్న పడవలో మనుషులు ఎక్కేకొద్దీ అది కిందికి దిగుతుంది, నీటిగీత సాగుతుంది. అంటే బరువు పెరిగితే పొడవూ పెరుగుతుందన్నమాట! అందుకే ఎంత బరువుతో ఉన్నప్పుడు కొలవాలో కూడా ప్రమాణంలో చెప్పాల్సి వచ్చింది. మన చెరువుల సంగతి తెలిసినవాళ్లకు ఇది వింత కాదు. చెరువు విస్తీర్ణం నిండు మట్టంలో ఒకటి. ఎండాకాలంలో, నీళ్లు వెనక్కి పోయిన చోట దోసపాదులు పెట్టే నాటికి అది వేరే.

ఈ మూడింటిలో ఏది నిజం అంటే అన్నీ నిజమే. రేవులో పడవ కట్టుకునే చోటుకు అద్దె వసూలు చేసేవాడికి గరిష్ఠ పొడవు కావాలి, ముందుకు పొడుచుకొచ్చిన దూలం కూడా చోటు ఆక్రమిస్తుంది గనుక. వేగం లెక్క వేసేవాడికి నీటిగీత పొడవు కావాలి. బరువైన పడవ సాధారణంగా పోగలిగే వేగం, అడుగుల్లో దాని నీటిగీత పొడవుకు వర్గమూలం కట్టి 1.34తో గుణిస్తే సుమారుగా నాట్లలో వస్తుంది. 25 అడుగుల గీత ఉంటే 6.7 నాట్లు. చట్టం రాసేవాడికి ఒంటి పొడవు కావాలి. లేకపోతే నిన్న ఒక చట్టం కిందున్న పడవ, ఈవేళ ఒక పలక బిగించగానే ఇంకో చట్టం కిందికి పోతుంది.

ఇదంతా నేను సరదాకు చదివింది కాదు. చాలా ఏళ్ల కిందట కరావళిలో ఒక శాఖలో పనిచేస్తున్నప్పుడు, యాత్రికులను తిప్పే పడవ కొనడానికి ఒక యువకుడు అప్పు కోసం కాగితాలు తెచ్చాడు. అమ్మేవాళ్ల కొటేషనులో పొడవు 6.3 మీటర్లు. తయారీ పత్రంలో 5.4. వెడల్పు రెండింట్లోనూ 2 మీటర్లే. మోటారూ, మెట్టుపలకా, ముందరి కమ్మీ కలిపితే 6.3 వస్తుంది. అంతవరకు తప్పేమీ లేదు. కాని ఆదాయం అంచనాలో ట్రిప్పుకు తొమ్మిదిమంది అని వేశాడు. అదెక్కడిదని అడిగితే, చిన్న పడవలకు అమెరికాలో వాడే మోటు లెక్క చూపించాడు. పొడవును వెడల్పుతో గుణించి, అడుగుల్లో, 15తో భాగిస్తే ఎక్కదగిన మనుషుల సంఖ్య వస్తుంది. 6.3 మీటర్లతో లెక్కిస్తే తొమ్మిది, 5.4తో లెక్కిస్తే ఏడు. అంటే ఆ మిగతా ఇద్దరూ మోటారు మీద కూర్చోవాలి.

"రెండు కొలతలూ నిజమే కద సార్" అన్నాడు. అతను మోసగాడు కాడు, మంచి కుర్రవాడు. ఏడుగురి లెక్కన అంచనా మళ్లీ వేయించాను, అప్పు కొంత తగ్గింది, అతను తీసుకున్నాడు. కాని అతని మాటకు అప్పుడే సరైన జవాబు నా దగ్గర లేదు. కాగితంలో ఒక్క అబద్ధపు అంకె కూడా లేదు. మరి అబద్ధం ఎక్కడుంది?

నాకు తోచింది ఇది. కొలత అనేది ఒక ప్రశ్నకు జవాబు. ఎంత చోటు పడుతుంది అన్న ప్రశ్నకు 6.3 సరైన జవాబు. ఎందరి బరువు మోస్తుంది అన్న ప్రశ్నకు అదే అంకెను తీసుకుపోయి పెడితే, అంకె మారకుండానే అబద్ధమైపోతుంది. అంకెలకు మాటల్లాగా ముందువెనకలు ఉండవు. ఏ ప్రశ్న నుంచి వచ్చాయో అవి చెప్పవు. ఆ సంగతి చెప్పాల్సింది రాసేవాడు. 2019 సెప్టెంబరు 15న గోదావరి మీద కచ్చులూరు దగ్గర, పాపికొండలు చూడబోయిన పడవ మునిగి పదులమంది పోయిన వార్త విన్నప్పటి నుంచి, ఎంతమంది ఎక్కవచ్చు అనే గడి ఏ కాగితంలో కనిపించినా అక్కడ నా కలం ఆగుతుంది. ఆ ప్రమాదానికి కారణాలు వేరు, ఈ లెక్కతో దాన్ని ముడిపెట్టను. ఆ గడిలో ఉండేది మనుషులని మాత్రం మరచిపోలేను.

ఇక నియమం రాసినవాళ్ల సంగతి. ఐరోపాలో విహార నౌకల నియమం 1994లో వచ్చింది, 2013లో దాని స్థానంలో కొత్తది తెచ్చారు. రెండింట్లోనూ హద్దులు ఒకటే. ఒంటి పొడవు 2.5 మీటర్ల నుంచి 24 మీటర్ల దాకా. పెద్ద నౌకల నియమాల్లోనూ 24 మీటర్లే గడప, కాకపోతే అక్కడ పొడవును కొలిచే తీరు వేరు. దాంతో ఏమైంది? మొత్తంగా 26, 27 మీటర్లున్నా నియమం కొలిచే పొడవు మాత్రం 24 లోపే ఉండేలా విలాస నౌకలను గీస్తున్నారు. పందెపు పడవల్లో ఇది ఇంకా ముదిరింది. "12 మీటర్ల తరగతి" అని పేరున్న పడవ నిజానికి సుమారు 20 మీటర్లుంటుంది. పొడవు, చుట్టుకొలతల తేడా, నీటిపైన కనిపించే ఎత్తు, తెరచాపల వైశాల్యానికి వర్గమూలం, వీటిని కూడీ తీసీ 2.37తో భాగిస్తే 12 రావాలి, అంతే. 1983లో ఆస్ట్రేలియా వారి పడవ నీళ్ల కింద రెక్కలున్న అడుగుతో వచ్చి, న్యూయార్కు క్లబ్బు 132 ఏళ్లుగా చేతిలో ఉంచుకున్న అమెరికా కప్పును గెలుచుకుపోయింది. రెక్కల మీద పెద్ద రగడ జరిగింది గాని, సూత్రం ప్రకారం అది పన్నెండు మీటర్ల పడవే.

బ్యాంకుల్లో పనిచేసేవాళ్లకు ఈ జబ్బు పేరు తెలుసు. చార్లెస్ గుడ్‌హార్ట్ అనే ఆంగ్ల ఆర్థికవేత్త 1975లో చెప్పాడు, ఏదైనా కొలతను అదుపుకు సాధనంగా వాడటం మొదలుపెట్టగానే అది నమ్మదగ్గది కాకుండా పోతుందని. 90 రోజులు దాటితే బాకీ మొండిది. మరి 88వ రోజున ఎంత చురుకుదనం వస్తుందో మాలో ఎవరినడిగినా చెబుతారు!

మన నేల మీదికి వద్దాం. పహణీ చూసినవాళ్లకు పడవ ఒంటి పొడవు కొత్తగా అనిపించదు. అందులోనూ మొత్తం విస్తీర్ణం ఒకటి రాసి, దాంట్లోంచి ఖరాబు తీసేసి, మిగిలింది ఇంత అని చూపిస్తారు. సేద్యానికి పనికిరానిది 'ఎ' ఖరాబు. దారి, వాగు వంటి అందరిదీ 'బి' ఖరాబు. కొడికొండ చెక్‌పోస్టు దాటితే అదే ఎకరం 40 గుంటలు కాదు, 100 సెంట్లు. పేరు మారినా నేల మారదు, అది వేరే సంగతి. నా బాధ ఖరాబుగా రాయని బండతో.

2008లో కేంద్రం రైతు రుణమాఫీ ప్రకటించింది. 2 హెక్టార్ల దాకా, అంటే లెక్కకు 5 ఎకరాల దాకా ఉన్నవారికి అర్హమైన బాకీ పూర్తిగా మాఫీ. అంతకు మించితే, నూటికి 75 కడితే 25 తగ్గింపు, గుర్తించిన కరువు జిల్లాల్లో 20 వేలా, 25 శాతమా, ఏది ఎక్కువైతే అది. కాలవ కింద నాలుగున్నర ఎకరాల మాగాణి ఉన్నవాడు చిన్న రైతు. బాగేపల్లి వైపు ఐదెకరాల ఎనిమిది గుంటల మెట్ట ఉన్నవాడు పెద్ద రైతు! చేలో సగం గుట్టబండ అయిన ఒక ముసలాయన నన్ను అడిగాడు: "ఆ బండ మింద రాగులు పండ్తాయా సార్, దాన్ని యాల లెక్కలో కట్టేది?"

ఆ బండ అంతకుముందూ అక్కడే ఉంది. ఎకరాకు ఇంత అని పంట అప్పు ఇచ్చేటప్పుడు అది ఆయనకూ పొలమే, బ్యాంకుకూ పొలమే. అప్పుడు ఆయన ఆ ప్రశ్న అడగలేదు, బ్యాంకూ అడగలేదు. అప్పు ఇవ్వడానికి అడిగిన ప్రశ్న వేరు, కష్టాన్ని కొలవడానికి అడగాల్సిన ప్రశ్న వేరు. అంకె మాత్రం ఒక్కటే పోయింది, ఒక రిజిస్టరు నుంచి ఇంకో రిజిస్టరుకు. ఆ యువకుడు పడవకు చేసిందే ఇక్కడ ప్రభుత్వం నేలకు చేసిందని నా అభిప్రాయం. కుర్రవాణ్ణి సరిదిద్దడానికి నాకు అధికారం ఉంది. దీన్ని సరిదిద్దడానికి లేదు. ఎక్కడో ఒకచోట గీత గీయకపోతే ఏ పథకమూ నడవదన్నది ఒప్పుకుంటాను. ఐదెకరాల గీత దగ్గర నిలబడ్డవాడికి ఆ వాదన చెప్పడం మాత్రం ఎంత కష్టమో ఆ నెలల్లో కౌంటరు వెనక కూర్చున్నవారికే తెలుసు.

పొడవు అనే ప్రశ్నే పుట్టని పడవ ఒకటుంది. తుంగభద్ర మీద, కృష్ణ మీద తిరిగే పుట్టి. గుండ్రంగా వెదురుతో అల్లిన బుట్ట, కన్నడంలో హరిగోలు అంటాం. తమాషా ఏమిటంటే తెలుగులో పుట్టి అంటే ధాన్యపు కొలత కూడా, ఇరవై తూములు. పొడవు లేని పడవకు కొలత పేరు! హంపి దగ్గర ఒకసారి ఎక్కినప్పుడు ఇందులో ఎంతమంది పడతారని అడిగాను. పడవతను అంకె చెప్పలేదు. ఒక్కొక్కరినే ఎక్కించుకుంటూ, నీళ్లకూ అంచుకూ మధ్య ఎంత మిగిలిందో చూస్తూ పోయాడు. జానెడు మిగలగానే ఇక చాలన్నాడు. గట్టు మీద ఇంకా నలుగురున్నారు, డబ్బు ఎక్కువిస్తామన్నారు. అతను తెడ్డు వేశాడు.