తెలిసినదానిని దాచుట

వర్తకుడు తన చిఠ్ఠాను ప్రక్క అంగడివానికి చూపడు. సరుకు ఎక్కడ దొరకినదో, ఏ ధరకు దిగినదో చెప్పడు. లోకము దీనిని తప్పుపట్టదు. అయితే తత్త్వార్థసూత్రమున జ్ఞానావరణీయ కర్మబంధమునకు చెప్పిన కారణములలో నిహ్నవము ఒకటి. అనగా తెలిసినదానిని తెలియదని దాచుట. మాత్సర్యము మరియొకటి; అర్హునికి సైతము అసూయచేత చెప్పకుండుట. మరి అంగడి గుట్టునకును నిహ్నవమునకును గీత ఎక్కడ?

బళ్ళారివారికి ఇది ఊరక పుట్టిన ప్రశ్న కాదు. 1953 అక్టోబరు 1న పాత జిల్లా రెండైనది. ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రలో నిలిచినవి. బళ్ళారి, హొసపేట, సండూరు మొదలగు ఏడు తాలూకాలు మైసూరున కలిసినవి. మనుష్యులు గీత గీచిరి గాని కొండ రెండు కాలేదు. ఆ కొండలలో ఇనుపరాయి కలదు. చైనా కొనుగోలు పెరిగిన దినములలో అడవి ఎర్రధూళియై లారీలకెక్కెను. సరిహద్దు గుర్తులు చెరపబడినవని ఫిర్యాదులు వచ్చెను. ఇరు రాష్ట్రముల కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి చూచువారు లేనంతకాలము ఎవరి మాట వారిదే.

ధారవాడకు చెందిన సమాజ పరివర్తన సముదాయము 2009లో సుప్రీంకోర్టునకు పోయెను. 2011లో అటవీ, గనులు, రెవెన్యూ శాఖలవారు కలిసి గనులను కొలిచిరి. ఒకరికి తెలిసినది మరొకరి ఎదుట పెట్టుటతోనే పని సాగెను. ఆ జూలై 29న జిల్లాలో తవ్వకము ఆగెను. 2013 ఏప్రిల్ 18న తీర్పు వచ్చెను. అంతటితో కథ ముగియలేదు. 2024లో సండూరు దేవదారి కొండ కొరకు మరల ఆందోళన లేచెను. 99,000కు పైగా చెట్లు పోవునని లెక్క.

అడవిని కాపాడు సంఘములలోను మాత్సర్యము లేకపోలేదు. పేరు పొరుగు సంఘమునకు పోవునేమోయని లెక్కలు బీరువాలో పెట్టుకొనువారు కలరు. ధర తెలిసికొనుట వర్తకుని కష్టార్జితము. దాచినను ఎవరి ప్రాణము పోదు. ఏ ఊట ఎండినది, ఏ రాయి జరిగినది అన్న సంగతి మాత్రము ఏ సంఘపు సొత్తును కాదు. అది నోరులేని ఏకేంద్రియ జీవుల సొత్తు.

అట్లని అన్నియు అందరికి చెప్పవలెననుటయు తెలివి కాదు. శ్రీగంధపు చెట్టు జాడ, దరోజి ఎలుగుబంటి గుహ జాడ బజారున చాటినచో దొంగకు దారి చూపినట్లే. దానమునకువలె జ్ఞానమునకును పాత్రాపాత్ర విచారము కలదు. అక్కడ మౌనమే అభయదానము.

ఇక గృహస్థు సంగతి. “మేము తవ్వలేదు, టైర్లు అమ్మితిమి, లారీలు బాడుగకిచ్చితిమి” అని అనేకులందురు. శ్రావకులకు వర్జ్యములైన పదునైదు కర్మాదానములలో అడవి నరకు వనకర్మయు, నేలను పగులగొట్టు స్ఫోటకకర్మయు ఉన్నవి. బండ్లు బాడుగకిచ్చు భాటకకర్మయు ఆ వరుసలోనే ఉన్నది. చేయుట, చేయించుట, ఆమోదించుట మూడును ఒకే త్రాసున తూగును. రాత్రివేళ ఎన్ని బండ్లు ఏ దారిని దిగినవో బాడుగ ఖాతాలకు తెలియును. అధికారి అడిగిననాడు ఆ ఖాతాలు ఎందరు తెరిచిరి?

సంవత్సరి ప్రతిక్రమణములో ఆ పదునైదు పేర్లును చదువుదురు. బండ్లు నడిపినవారు, టైర్లు అమ్మినవారు ఒకే చాపమీద కూర్చుండి వినుదురు.