పియానో వచ్చినవారు ఆర్గన్ నేర్చుకొనవలెనా?



మన సంఘములలో తరచుగా వినబడు ఒక ప్రశ్నను గూర్చి ఈ సంచికలో ఆలోచింతము. బెంగుళూరు వంటి పట్టణములకు వలస వెళ్ళిన మన కుటుంబములలో కొందరు పిల్లలు పియానో నేర్చుకొని, పరీక్షలకు కూర్చుండి, సర్టిఫికెట్లు పొందుచున్నారు. సంతోషము. మందిరములో ఎలెక్ట్రిక్ ఆర్గన్ గాని, ఆర్గన్ స్వరము గల కీబోర్డు గాని ఉండును, వాయించువారు ఉండరు. "ఈ అమ్మాయికి పియానో వచ్చును గదా, కూర్చుండబెట్టండి" అని పెద్దలు అందురు. ఆ అమ్మాయి కూర్చుండును. రెండవ చరణమునకు వచ్చుసరికి పాట ఒక దారిని, వాద్యము ఒక దారిని పోవుచుండును. ఆరాధన ముగిసిన తరువాత కొందరు వాద్యమును, కొందరు ఆ పిల్లను తప్పుపట్టుదురు.

ఇది సంగీతమునకు మాత్రమే సంబంధించిన చిక్కు అని మేము అనుకొనుట లేదు. ఒక విద్య బాగుగా వచ్చినవారు సేవ నిమిత్తము మరల మొదటి తరగతిలో కూర్చుండవలెనా? వచ్చిన విద్యను అర్పించిన చాలదా? దేవుడు హృదయమును చూచువాడైతే చేతుల సంగతి మనకెందుకు? ఇవి నీతికి సంబంధించిన ప్రశ్నలు. జవాబు చెప్పుకొనుటకు ముందు ఆ రెండు వాద్యములు పని చేయు విధమును చూడవలెను.

రెండు వాద్యములు, రెండు స్వభావములు

పియానోలో మెట్టు నొక్కగానే లోపల ఒక చిన్న సుత్తి లేచి తీగెను కొట్టును. గట్టిగా నొక్కిన గట్టిగాను, మెల్లగా నొక్కిన మెల్లగాను పలుకును. కొట్టిన మరుక్షణము నుండి నాదము తగ్గుట మొదలగును. వ్రేలు మెట్టు మీదనే ఉంచినను కొంతసేపటికి అది తనంతట తానే అణగిపోవును. కుడి పాదము క్రింద ఒక పెడలు ఉన్నది. దానిని త్రొక్కినచో వ్రేళ్లు ఎత్తిన తరువాత కూడ స్వరములు కలిసి మ్రోగుచుండును. వ్రేళ్ల చిన్న లోపములను ఆ పెడలు కప్పివేయును.

ఆర్గన్ అట్టిది కాదు. అమెరికాలో గడియారముల వ్యాపారము చేసిన ఇంజనీరు లారెన్స్ హామండ్ 1935లో తన ఎలెక్ట్రిక్ ఆర్గన్‌ను అమ్మకమునకు తెచ్చెను. పైపు ఆర్గన్ కొనుటకు శక్తి చాలని అనేక సంఘములు దానిని కొన్నవి. తరువాత వచ్చిన ఎలక్ట్రానిక్ ఆర్గన్లకును, నేడు మన మందిరములలోని కీబోర్డులపై పలికించు ఆర్గన్ స్వరమునకును స్వభావము ఒక్కటే. మెట్టు నొక్కి ఉంచినంతసేపు స్వరము ఒకే బలముతో నిలుచును. వ్రేలు ఎత్తగానే ఆగిపోవును. గట్టిగా కొట్టినను, మెల్లగా తాకినను ధ్వనిలో భేదము లేదు. ధ్వనిని హెచ్చించుటకు, తగ్గించుటకు పాదము క్రింద వేరే పెడలు ఉండును.

ఈ చిన్న భేదము వలన వాయించువారి పని మారిపోవును. పియానోలో స్వరమును మొదలుపెట్టుట మన పని. ముగింపులో చాలా భాగము తీగెయే చూచుకొనును. ఆర్గన్‌లో ముగించుట కూడ మన పనియే. ఎప్పుడు వదలవలెనో తెలియని వ్రేలు, ఎప్పుడు నొక్కవలెనో తెలియని వ్రేలంత హాని చేయును.

కావున పియానో వచ్చినవారు ముఖ్యముగా మూడు సంగతులు క్రొత్తగా నేర్చుకొనవలెను. మొదటిది, స్వరములను పెడలు సహాయము లేకుండ వ్రేళ్లతోనే కలుపుట. దీని కొరకు నొక్కిన మెట్టును ఎత్తకుండనే ఒక వ్రేలి స్థానములో మరియొక వ్రేలిని జరుపవలెను. ఇది నిదానముగా, ఒక్కొక్క చరణముగా అభ్యాసము చేయవలసినది. రెండవది, ఒకే స్వరము రెండుసార్లు వచ్చినచోట మొదటిదానిని కొంచెము ముందుగా వదలుట. వదలనియెడల రెండును కలిసి ఒకే పొడుగు స్వరమగును. రెండు అక్షరములు పాడవలసిన సంఘము తడబడును. మూడవది, ఎడమ చేతి పని. హామండ్ బి-3 వంటి ఆర్గన్లలో 61 మెట్ల వరుసలు రెండు, వాటి క్రింద పాదములతో వాయించు 25 మెట్లు ఉండును. పియానోలో ఎడమ చేయి మోసిన మంద్ర స్వరములను అక్కడ పాదమునకు అప్పగించవలెను. అప్పగించిన తరువాత కూడ చేయి అదే వాయించుచుండినచో ధ్వని బురదవలె చిక్కబడును. ఇన్నాళ్లు తనదైన పనిని మరియొక అవయవమునకు విడిచిపెట్టుట చేతికి సులభము కాదు. సంఘపు పనులలో మనుష్యులకును అంతే.

పావగడ బడిలో కనబడు పాఠము

మా పావగడ తాలూకా కర్ణాటకలో తుమకూరు జిల్లాలోనిది. మూడు వైపుల ఆంధ్రప్రదేశ్ నేల ఉన్నది. ఇంటిలో తెలుగు, బడిలో కన్నడము. వేరుశనగ పంట పోయిన ఏట కుటుంబములు పని వెదకుకొనుచు బెంగుళూరు బస్సు ఎక్కుట ఇక్కడివారికి క్రొత్త కాదు.

ఈ ప్రాంతపు పిల్లలకు కన్నడ లిపి త్వరగా వచ్చును, తెలుగు లిపికి దగ్గర గనుక. అయితే వారి తప్పులు కూడ ఆ దగ్గరతనము వలననే వచ్చును. పూర్తిగా వేరైన అక్షరమును పిల్లవాడు జాగ్రత్తగా చూచి వ్రాయును. తనకు వచ్చినట్లే ఉన్న అక్షరమునకు తెలుగు తలకట్టు పెట్టి తృప్తి పడును. మాటలలోను ఇదే చిక్కు. "ఊట" అని తెలుగులో అంటే నేలలో ఊరు నీరు, కన్నడములో భోజనము. తెలియని మాటకు మనము అర్థము అడుగుదుము. తెలిసినట్లున్న మాటకు అడుగము.

ఉపాధ్యాయ శిక్షణలో దీనిని అభ్యసన బదలాయింపు అని చదువుకొంటిమి. థార్న్‌డైక్, ఉడ్‌వర్త్ అను ఇద్దరు మనోవిజ్ఞాన శాస్త్రజ్ఞులు 1901లో ప్రకటించిన పరిశోధనలు, ఒక పనిలో పొందిన నేర్పు ఇంకొక పనికి దానంతట అదే రాదనియు, రెండు పనులలో సమానమైన అంశములు ఉన్నమేరకే వచ్చుననియు చూపినవి. పాత అలవాటు కొన్నిచోట్ల తోడ్పడును, కొన్నిచోట్ల అడ్డుపడును. పియానో వచ్చిన అమ్మాయికి స్వరలిపి చదువుట, మెట్ల స్థానములు, రెండు చేతుల పొందిక ముందే వచ్చును. అవి ఆర్గన్‌కు పనికివచ్చును. చేతి బలముతో భావమును చూపు అలవాటు, పెడలు మీద ఆధారపడు అలవాటు అడ్డుపడును. దీనిని ఆమెకు ముందే చెప్పవలసినది పెద్దలము. చెప్పకుండ కూర్చుండబెట్టి తరువాత నిందించుట న్యాయము కాదు.

హృదయము చాలదా?

"ప్రభువు హృదయమును చూచును; స్వరము తప్పిన నేమి?" అని భక్తిగలవారే అడుగుదురు. ఈ మాటలో సత్యము ఉన్నది. ఆమోసు గ్రంథము 5వ అధ్యాయములో, న్యాయము లేని ప్రజల పాటలను, వాద్యముల నాదమును దేవుడు వినననియే చెప్పెను. నేర్పు ఎంత ఉన్నను నీతికి బదులు కాజాలదు.

అయితే ఆ మాటను సోమరితనమునకు దుప్పటిగా కప్పుకొనకూడదు. దినవృత్తాంతములు మొదటి గ్రంథము 25వ అధ్యాయములో ఆసాపు, యెదూతూను, హేమానుల చేతి క్రింద ప్రభువు గానములో శిక్షణ పొందిన ప్రవీణులు 288 మంది అని లెక్క వ్రాయబడినది. శిక్షణ లేకుండ భక్తి చాలునని అనుకొనినచో ఆ లెక్క ఎందుకు? మొదటి కొరింథీ 14వ అధ్యాయములో పౌలు, వాద్యములు స్వరభేదము తెలియునట్లు పలుకనియెడల ఏమి వాయించుచున్నారో ఎవరికి తెలియునని అడుగుచున్నాడు. అక్కడ ఆయన తలంపు వినువారి మేలు.

మా తలంపులో ఈ ప్రశ్నకు కీలకము ఇక్కడనే ఉన్నది. ఇంటిలో ఒంటరిగా దేవుని యెదుట వాయించునప్పుడు హృదయము చాలును. సంఘము యెదుట వాయించునప్పుడు మన చేతిలో ఇతరుల ఊపిరి ఉన్నది. పాదము చివర వాయించువారు చేయి ఎత్తనియెడల ఎనుబది ఏండ్ల అవ్వకు ఊపిరి పీల్చుటకు తావు ఉండదు. ఆమె నోరు మూసికొని, మిగిలిన పాట వినుచు కూర్చుండును. వాయించినవారి హృదయము ఎంత మంచిదైనను, ఒక మనిషి స్తుతి ఆ ఉదయమున ఆగిపోయినది. కావున అభ్యాసము చేయుట గొప్ప కొరకు కాదు. పొరుగువానిని ప్రేమించుటలో అది ఒక భాగము.

కీబోర్డులోని రిథమ్ బటనును గూర్చి కూడ ఈ మాటయే చెప్పవలెను. అది నొక్కినచో యంత్రము తాళము వేయుచు పోవును. ఎవరి కొరకును ఆగదు. పడుచువారికి హుషారుగా ఉండును. వెనుకబడినవారి కొరకు ఆగగలుగుట మనిషికి మాత్రమే వచ్చును. ఆ బటనుకు ఆరాధనను అప్పగించు ముందు బాగుగా ఆలోచించవలెను.

మన కీర్తనలు, హార్మోనియం పెద్దలు

ఇంగ్లీషు రాగముల పాటలకు ఆర్గన్ సరిపోవును. మన కీర్తనల సంగతి వేరు. పురుషోత్తమ చౌధరి గారు (1803–1890) మొదలైన మన కవులు కర్ణాటక సంగీత రాగములలో, తాళములలో కీర్తనలు రచించిరి. ఒక స్వరము నుండి మరియొక స్వరమునకు జారు గమకములు ఆ రాగములకు ప్రాణము. మెట్ల వాద్యము మెట్టు నుండి మెట్టుకు దూకవలసినదే, జారలేదు. ఈ లోపము ఒక కారణముగా ఆకాశవాణి 1940 నుండి 1971 వరకు హార్మోనియంను తన ప్రసారములలో నిషేధించినది. పియానోకు, ఆర్గన్‌కు కూడ ఇదే లోపము ఉన్నది. కావున కీర్తన పాడునప్పుడు ఆర్గన్ గమకముతో పోటీపడక, శ్రుతిని, ముఖ్య స్వరములను నిలిపి, రాగమును గొంతులకు విడిచిపెట్టుట మంచిది.

మన పల్లె సంఘములలో ఏండ్ల తరబడి హార్మోనియం వాయించిన పెద్దలు ఉన్నారు. పట్టణము నుండి సర్టిఫికెట్ గల పిల్ల వచ్చినప్పుడు, క్రొత్త ఆర్గన్ వచ్చినప్పుడు, వారిని పక్కకు జరుపుట జరుగుచున్నది. ఇది తప్పని మేము స్పష్టముగా చెప్పుచున్నాము. హార్మోనియంలో గాలి ఆడినంతసేపు, మెట్టు నొక్కినంతసేపు స్వరము నిలుచును. అనగా ఆర్గన్‌లోని ముఖ్యమైన పాఠము, ఎక్కడ వదలవలెనో తెలియుట, ఆ పెద్దాయనకు ముందే వచ్చును. ఒక చేయి తిత్తి ఊదుటకు పోవును గనుక రెండు చేతుల వాయింపు ఆయనకు రాదు; అది ఆ పిల్లకు వచ్చును. ఒకరికి లేనిది ఇంకొకరి దగ్గర ఉన్నది.

ఆ పిల్ల ఆయన ప్రక్కన కూర్చుండి, "తాతా, ఎక్కడ ఆపాలి?" అని అడిగినచో, ఆయన మా సీమ మాటలో, "పాపా, మంది ఊపిరి పీల్చేకాడ నువ్వూ చెయ్యెత్తల్ల" అనును. పియానో పాఠములలో సాధారణముగా దొరకని పాఠమది. పైన చెప్పిన 25వ అధ్యాయములోనే, పిన్నలు పెద్దలు, గురువులు శిష్యులు అను భేదము లేకుండ వంతుల కొరకు చీట్లు వేసికొనిరని ఉన్నది. దేవుని మందిరములో వాయించుటకు ఒకరి రాక ఇంకొకరి పోకగా మారకూడదు.

సంఘము చేయవలసినది

నేర్చుకొనుమని ఒకరిని అడిగినవారికి కూడ బాధ్యత ఉన్నది. వలస వెళ్ళి స్థిరపడిన మన సహోదరులు కొందరు ప్రేమతో సొంత ఊరి సంఘమునకు ఆర్గన్ గాని, కీబోర్డు గాని కొనియిత్తురు. వారికి మా మనవి ఇది: వాద్యపు ఖరీదుతో పాటు నేర్పువారి జీతమునకు, నేర్చుకొనువారి బస్సు ఖర్చులకు కొంత సొమ్ము కేటాయించండి. దాత పేరు చెక్కిన రేకుతో గుడ్డ క్రింద నిద్రపోవు వాద్యము ఎవరికిని మేలు చేయదు. సంఘ పెద్దలకు: మందిరపు తాళపు చెవి వారమునకు రెండు సాయంత్రములైనను నేర్చుకొనువారికి ఇయ్యండి. వచ్చు ఆదివారపు పాటలను ముందుగానే తెలుపండి. కీబోర్డులో శ్రుతి మార్చు బటను ఉన్నచో, సంఘపు గొంతుకు ఏ శ్రుతి సరిపోవునో పెద్దలతో పాడించి చూచి గుర్తు పెట్టుకొనునట్లు చేయండి. మొదటి ఆరు మాసములు సణుగుడు మానండి.

నేర్చుకొనువారికి ఒక పరీక్ష చెప్పుదుము. మా తాలూకాలో తిరుమణి ప్రాంతమున సుమారు 13,000 ఎకరములలో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రము 2019లో పూర్తి సామర్థ్యమునకు వచ్చినది. అంత కరెంటు ఇక్కడ పుట్టుచున్నను, ఏ ఊరిలోనైనను పాట నడుమ కరెంటు పోవచ్చును. అప్పుడు ఎలెక్ట్రిక్ ఆర్గన్ మూగపోవును. ఆ క్షణమున సంఘము అదే శ్రుతిలో, అదే నడకలో పాడుచు సాగిపోయినచో, వాయించువారు ఇన్నాళ్లు సంఘమునకు బలమిచ్చిరని అర్థము. అందరు ఆగి వెనుకకు తిరిగి చూచినచో, సంఘము వాద్యము మీద వ్రాలి నిలిచినదని అర్థము.

కాబట్టి పియానో వచ్చినవారు ఆర్గన్ నేర్చుకొనవలెనా అను ప్రశ్నకు, నేర్చుకొనవలెననియే మా జవాబు. వచ్చిన విద్యను తక్కువ చేయుటకు కాదు. ఆ విద్య ఇతరుల నోట పాటగా మారుటకు ఇంకను కొంత దూరము ఉన్నది గనుక. ఆ దూరము నడుచుటకు సిగ్గుపడనక్కరలేదు. క్రిస్మసు పాటల అభ్యాసము మొదలగుటకు ముందే ప్రతి సంఘములో ఒక పిల్లను లేక పిల్లవానిని, ఒక హార్మోనియం పెద్దాయనను ఒకే బల్ల మీద కూర్చుండబెట్టుడని మీ అందరిని ప్రేమతో కోరుచున్నాము.